అందరికీ సరిపడే మౌంటెన్ బైక్ పార్కు: జంపులు వచ్చినవారూ రానివారూ కలిసి వెళ్లేటప్పుడు

వానలు వెనుకపట్టి దసరా సెలవులు మొదలయ్యేసరికి బీదర్ కాలనీలలో సైకిళ్ల సందడి పెరుగుతుంది. జహీరాబాద్, నారాయణఖేడ్, నిజామాబాద్ ప్రాంతాల నుండి ఉద్యోగానికో వ్యాపారానికో వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల చేతిలో నేడు ఎక్కువగా కనిపించేది లావు టైర్లు, ముందు భాగంలో స్ప్రింగు ఫోర్కు ఉన్న గేరు సైకిలు. దుకాణదారు దానిని మౌంటెన్ బైక్ అని అమ్ముతాడు. కొన్న పిల్లవాడు ఆ పేరును అక్షరాలా నమ్ముతాడు. నాలుగు ఇటుకల మీద ఒక చెక్కపలకను వాలుగా పెట్టి, వేగంగా తొక్కుకొనివచ్చి, రెండు చక్రాలనూ నేల నుండి లేపడం వాడి మొదటి సాహసం. వీధిలో ఒకడు ఎగిరితే చూసినవారందరికీ ఎగరాలనిపిస్తుంది.

ఇటువంటి పిల్లలు, యువకులు నలుగురైదుగురు బృందంగా ఏర్పడి ఊరి వెలుపలి మట్టిదారులకో, పొరుగు రాష్ట్రాలలోని సైకిలు మార్గాలకో బయలుదేరడం ఇటీవల తరచుగా జరుగుతున్నది. బృందంలో అందరి సత్తా సమానంగా ఉండదు. ఇంజినీరింగు చదివే పెద్దవాడు ఆరడుగుల ఖాళీని దాటగలడు. తొమ్మిదో తరగతి తమ్ముడికి స్పీడ్ బ్రేకరు మీద ఎగరడమే గొప్ప. వెంట వచ్చిన చెల్లెలికి చక్రం నేలను వదలడమంటేనే భయం. తోడుగా వచ్చిన తండ్రి ఇరవై ఏళ్ల తరువాత సైకిలెక్కినవాడు. సహజంగా గమ్యాన్ని నిర్ణయించేది పెద్దవాడే. ప్రమాదం కూడా అక్కడే మొదలవుతుంది. ఒక స్థలంలోని అతి పెద్ద జంపును చూసి ఆ స్థలాన్ని ఎంచుకొన్న బృందంలో ఇద్దరు రోజంతా గట్టున కూర్చొని చూస్తారు. లేదా, అంతకంటె చెడుగా, కూర్చొనడానికి సిగ్గుపడి తమకు చేతకాని జంపుకు దిగుతారు. కనుక ముందుగా చూడవలసింది అక్కడి అతి చిన్న జంపు ఎంత చిన్నది, దానిని ఎగరకుండా దొర్లించుకొనిపోవచ్చునా, ఎగిరినవారూ ఎగరనివారూ చివరకు ఒకేచోట కలుస్తారా అన్నది.

బీదర్ నేల, బీదర్ హద్దులు

బీదర్ నగరం సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, ఎర్రని లాటరైటు పీఠభూమి అంచున ఉన్నది. తవ్వినప్పుడు మెత్తగా కోయదగినదై, గాలి తగిలినకొద్దీ గట్టిపడడం ఈ రాతి స్వభావం. కోటగోడలకూ ఇండ్లకూ ఇది వాటంగా కుదిరింది గాని, సైకిలుకు మాత్రం మోసకారి నేల. గట్టి రాతిపొర మీద గుండ్రని ఎర్రమొరం గులకలు పరచుకొని ఉంటాయి. వాటిపై ముందు బ్రేకు పట్టితే చక్రం గోలీలపై కాలు వేసినట్లు జారుతుంది. పీఠభూమి దిగువన నల్లరేగడి ఉన్నది. వాన వెలిసిన నాడు అది చక్రానికి చుట్టుకొని సైకిలును కదలనీయదు. ఎండిన తరువాత బండ్ల గాడులు రాయిలా గట్టిపడి హ్యాండిలును తమ ఇష్టం వచ్చినట్లు తిప్పుతాయి.

పీఠభూమి అంచు వాలులూ కోట పరిసరాలూ అష్టూరు సమాధుల వైపు దారులూ చూడగానే సైకిలిస్టుల మనసు లాగుతాయి. కోటకు దక్షిణాన రాతిని తొలిచి నిర్మించిన మూడు వరుసల కందకం ఒక్కటి చాలు, జంపులు నేర్చిన కుర్రవానికి నిద్ర పట్టకుండా చేయడానికి. కాని అవి ఆటస్థలాలు కావు. సంరక్షిత కట్టడం హద్దు నుండి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతమని, దానికి ఆవల మరి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమని 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో జరిగిన సవరణ నిర్దేశించింది. అక్కడ ఏ నిర్మాణమైనా ఆ నిబంధనలకు లోబడినదే. కట్టడానికి నష్టం కలిగించినవారికి రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. పడిపోయిన గోడరాళ్లను దొర్లించి జంపు దిబ్బ కట్టుకొన్న కుర్రవాడు తాను చేస్తున్నది నష్టమని ఎరుగడు. రాయి దొరికిన చోటనే ఉండడం పురావస్తు పరిశోధనకు ఎంత అవసరమో పెద్దలే చెప్పవలసి ఉంటుంది.

నౌబాద్ వైపు మరొక జాగ్రత్త అవసరం. బహమనీల కాలంలో పారశీక పద్ధతిలో తవ్విన కారెజ్ అనే భూగర్భ జలమార్గం అక్కడ రెండు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. సొరంగంలోనికి గాలి, వెలుతురు పోవడానికీ, పూడిక తీయడానికీ అక్కడక్కడ నిలువు బావులు తవ్వారు. వాటి పరిసరాలలో తెలియని దారిన వేగంగా సైకిలు తొక్కడం ప్రాణాలతో చెలగాటమే. ఇక నగరం చుట్టూ ఉన్న రక్షిత అడవుల విషయం: అటవీ శాఖ అనుమతి లేకుండా లోనికి పోవడం, కొత్త దారులు కొట్టడం చట్టవిరుద్ధం. ఈ జిల్లా గడ్డిభూములలో కృష్ణజింకలు తిరుగుతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి అత్యున్నత రక్షణ కల్పించింది.

మొత్తం మీద, ప్రత్యేకంగా జంపుల కొరకు మలచిన దారులున్న సైకిలు పార్కు బీదర్‌లో లేదు. ఆ లోటును కోటకందకంతో తీర్చుకొనే కంటె, మంచి పార్కు ఎట్లా ఉంటుందో తెలుసుకొని, ఆ కొలమానంతో దగ్గరి దారులను, దూరపు పార్కులను తూచి చూడడం మేలు.

జంపులో ఏముంది

కొండదారిన సైకిలును పరుగెత్తించే ఆట అమెరికాలోని కాలిఫోర్నియాలో, మరిన్ కౌంటీ కొండలపై 1970ల మధ్యలో రూపుదిద్దుకొన్నది. 1976లో ఫెయిర్‌ఫాక్స్ పట్టణం వద్ద మొదలైన పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. పాత సైకిళ్ల వెనుక హబ్బులోని బ్రేకు దిగుడు దారిలో వేడెక్కి గ్రీజు అంతా కాలిపోయేదట. ప్రతి పరుగు తరువాత మళ్లీ గ్రీజు నింపుకోవలసి రావడమే ఆ పేరుకు కారణం. ఈ ఆటలో క్రాస్‌కంట్రీ పందెం 1996 అట్లాంటా ఒలింపిక్సులో చేరింది. చిన్న చక్రాల బీఎంఎక్స్ పందెం 2008 బీజింగ్‌లో ప్రవేశించింది. నేటి బైక్ పార్కులలోని మట్టి జంపులకు మూలం ఎక్కువగా ఈ రెండవదే.

జంపులలో బృందం తెలుసుకోవలసినవి మూడు రకాలు. ఎక్కుడు వాలుకూ దిగుడు వాలుకూ నడుమ మట్టి నింపి, పైభాగాన్ని బల్లలా చదును చేసినది టేబుల్‌టాప్. పూర్తిగా ఎగరలేనివాడు నడుమ ఆ బల్లమీదనే దిగుతాడు. అసలు ఎగరదలచనివాడు దానిమీదుగా మెల్లగా దొర్లిపోతాడు. నడుమ మట్టి లేకుండా రెండు వేరువేరు దిబ్బలుగా ఉండేది డబుల్. దీనిలో తక్కువ దూరం ఎగిరినవాడి ముందుచక్రం రెండవ దిబ్బను గుద్దుకొంటుంది, రెండవ అవకాశం ఉండదు. మూడవది డ్రాప్; అరుగు మీది నుండి దిగినట్లు దారి ఒక్కసారిగా కిందికి తెగిపోతుంది. అనుభవం తారతమ్యంగా ఉన్న బృందానికి మొదటిదే నేస్తం. ఒక పార్కు తన దారిలో టేబుల్‌టాప్‌లు ఎన్ని, డబుల్‌లు ఎన్ని అన్నది ముందుగా చెప్పలేకపోతే, ఆ పార్కును పక్కన పెట్టడంలో తప్పు లేదు.

జంపులో తప్పు లెక్క ఎందుకంత సులువుగా జరుగుతుందో భౌతికశాస్త్రం చెబుతుంది. ముప్పై డిగ్రీల వాలు నుండి లేచి, లేచిన ఎత్తులోనే దిగే సైకిలును తీసుకొందాం. గాలి నిరోధాన్ని లెక్కలోనికి తీసుకొనకపోతే, గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వచ్చినది సుమారు 2.2 మీటర్ల దూరం ఎగురుతుంది. అదే 25 కిలోమీటర్ల వేగంతో వస్తే 4.2 మీటర్లు దాటుతుంది. వేగం రెట్టింపై 36 కిలోమీటర్లయితే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, అంటే దాదాపు 8.8 మీటర్లు. దూరం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కనుకనే నిన్న కొంచెం తక్కువైన జంపుకు నేడు కొంచెం ఎక్కువ వేగంతో వచ్చినవాడు దిగుడు వాలును దాటి చదునునేల మీద పడుతుంటాడు. అనుభవజ్ఞుడికి కంటి అంచనాలో ఉండే ఈ తేడా కొత్తవానికి తెలియదు.

దిగే చోటు ఎక్కే చోటు కంటె ముఖ్యం. ఒక మీటరు ఎత్తు నుండి చదునునేల మీద పడే శరీరం గంటకు దాదాపు 16 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఆ దెబ్బంతా మణికట్టు, మోకాలు, వెన్ను మోయాలి. అదే ఎత్తు నుండి, సైకిలు వస్తున్న దిశకు సరిపడే వాలు మీద దిగితే ఆ వేగంలో అధికభాగం ముందుకు సాగే పరుగుగా మారుతుంది. వీధిలో పలక మీది నుండి ఎగిరేవారు ఎప్పుడూ చదును మీదనే దిగుతారు. చిన్నదిగా కనిపించే వీధి జంపు, పార్కులోని పెద్ద జంపు కంటె ఒంటిని ఎక్కువగా కుదపడానికి కారణం ఇదే. పార్కును చూడబోయినవారు ఎగిరే అంచు అందాన్ని విడిచి, దిగుడు వాలు ఎంత పొడవు, ఎంత వెడల్పు, దాని ఆవల ఆగడానికి ఎంత చోటు ఉన్నది అన్నవి చూడాలి.

రంగులు చెప్పే సంగతి

అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న పద్ధతిలో తెల్లని వృత్తం అతి సులభమైన దారిని, పచ్చని వృత్తం సులభమైన దారిని, నీలి చతురస్రం మధ్యస్థాన్ని, నల్లని వజ్రపు గుర్తు కఠినాన్ని, జంట నల్ల వజ్రాలు అతి కఠినాన్ని సూచిస్తాయి. మంచుజారుడు కొండల నుండి అరువు తెచ్చుకొన్న గుర్తులివి. అయితే ఇవి ఒక పార్కులోని దారులను ఒకదానితో ఒకటి పోల్చడానికే నమ్మదగినవి. ఒకచోటి నీలిదారి మరొకచోటి నల్లదారితో సమానం కావచ్చు. నీలిదారిని చక్కగా తొక్కగలనని చెప్పేవాడు ఏ ఊరి నీలిదారి అన్నది కూడా చెప్పాలి.

కర్ణాటకలోని దారులపై కన్నడ ఫలకాలే ఎక్కువ. తెలుగువారికి ఇది పెద్ద అడ్డంకి కాదు; రెండు లిపులు అక్కచెల్లెళ్లు, కొంచెం ఓపికతో అక్షరాలు కూడబలుక్కోవచ్చు. ‘ఎచ్చరికె’ అంటే హెచ్చరిక, ‘అపాయ’ అంటే అపాయమే. ‘ఇళిజారు’ అంటే దిగుడు వాలు, ‘తిరువు’ అంటే మలుపు, ‘నిధానవాగి చలిసి’ అంటే మెల్లగా పొండని, ‘ప్రవేశ నిషేధిసలాగిదె’ అంటే లోనికి రాకూడదని. వెంట వచ్చే పిల్లలకు ఈ ఐదారు మాటలు ఇంటివద్దనే నేర్పి పంపడం మంచిది.

రెండు పార్కుల పోలిక

కెనడాలోని విస్లర్ బైక్ పార్కు పేరు ఈ ఆట ఎరిగిన ప్రతి కుర్రవానికీ తెలుసు. మంచుకాలంలో స్కీయింగుకు వాడే లిఫ్టులే ఎండాకాలంలో సైకిళ్లను కొండపైకి చేరుస్తాయి. అక్కడి ‘ఎ-లైన్’ దారి వరుస టేబుల్‌టాప్‌లకు ప్రసిద్ధం. ఆ దారి నల్లవజ్రం గుర్తు గలదే అయినా, దానిలోని జంపులలో అత్యధికం దొర్లిపోదగినవి కావడం గమనింపదగిన అంశం. అయినను లిఫ్టు టిక్కెట్టు, అద్దె సైకిలు, రక్షణ కవచాలు అన్నీ కలిసి అది ఖరీదైన విహారం. పైగా లిఫ్టున్న కొండపై బృందం ఒకసారి విడిపోతే మళ్లీ కలిసేది కొండ అడుగుననే. నడుమ తమ్ముడు పడిపోయిన సంగతి అన్నకు అరగంట తరువాత గాని తెలియకపోవచ్చు.

దీనికి భిన్నమైన నమూనా అమెరికాలోని సియాటిల్ సమీపాన, ఇసాక్వా పట్టణం వద్ద ఉన్న డూథీ హిల్ పార్కు. సియాటిల్ శివారులలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. బీదర్‌లోని కొందరి బంధువులు కూడా అక్కడ ఉండవచ్చు. సుమారు 120 ఎకరాల ఆ అడవిని 2010లో కింగ్ కౌంటీ స్థానిక ప్రభుత్వం, ఎవర్‌గ్రీన్ మౌంటెన్ బైక్ అలయన్స్ అనే సైకిలిస్టుల సంఘం కలిసి సైకిలు పార్కుగా తెరిచాయి. సంఘ సభ్యులు స్వచ్ఛందంగా మట్టి మోసి, దారులు తీర్చి, నేటికీ వాటిని మరమ్మతు చేస్తుంటారు. పార్కు నడుమ ఒక విశాలమైన మైదానం ఉన్నది. అనేక దారులు దాని నుండి బయలుదేరి, చెట్లలో తిరిగి, మళ్లీ దాని దగ్గరికే వస్తాయి. కొత్తవారి చుట్టుదారి, జంపుల వరుస, చెక్కవంతెనలు అన్నీ ఆ మైదానానికి కూతవేటు దూరంలోనే. పెద్దవాడు తన జంపులు ముగించుకొని వచ్చేసరికి చెల్లెలు తన చుట్టు ముగించి అక్కడే నీళ్లు తాగుతూ ఉంటుంది. పై బృందానికి విస్లర్ కంటె ఇటువంటి చిన్న పార్కే తగినదని చెప్పడానికి సందేహించనక్కరలేదు.

డూథీ హిల్‌లో నేర్వదగిన మరొక పాఠం జంపుల అమరిక. ఒకే ఆకారం గల జంపులు చిన్నది, నడిమిది, పెద్దది అన్న వరుసలో ఉంటే, చిన్నదానిపై సాధించిన లయను నడిమిదానికి తీసుకొనిపోవచ్చు. చిన్న జంపు తరువాత నేరుగా పెద్ద జంపే ఉన్న చోట నడిమి మెట్టు లేని నిచ్చెనను ఎక్కినట్లే. బీదర్ ఆకాశంలో సూర్యకిరణ్ విమానాలు చేసే విన్యాసాలను చూసి పెరిగే పిల్లలకు ఈ మాట అర్థం చేయించడం కష్టం కాదు. ఆ పైలట్లు కూడా శిక్షణ విమానంలో మెట్టు తరువాత మెట్టు ఎక్కినవారే.

దగ్గరలో దొరికేవి

హైదరాబాద్ బాహ్య వలయ రహదారి వెంట 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌరపు పైకప్పు సైకిలు మార్గం దమ్ము పెంచుకొనడానికి అనువైనది. జంపులకు దానితో పనిలేదు. కొత్తగూడ బొటానికల్ గార్డెన్ వద్దనున్న పాలపిట్ట సైక్లింగ్ పార్కు చెట్లనడుమ తొక్కడం అలవాటు చేసుకొనే కొత్తవారికి మంచిది. వికారాబాద్ వద్ద అనంతగిరి కొండలు బీదర్ నుండి రైలుమార్గంలోనే ఉన్నాయి. అవి మలచిన పార్కు కావు, అడవిదారులు. వేర్లు, రాళ్లు, పశువులు, పాదచారులు అన్నీ ఎదురవుతాయి. బృందంలో జంపులు రానివారికి అక్కడ నేర్వవలసినది ఎంతో ఉన్నది, జంపులు వచ్చినవారు మాత్రం ఆ ఉబలాటాన్ని ఇంటివద్ద పెట్టి రావాలి.

దక్షిణాదిన పోటీలు చూడదలచినవారికి గదగ్ జాతీయ స్థాయి మౌంటెన్ బైక్ పోటీలకు వేదికైన పట్టణం. కేరళలోని పొన్ముడిలో 2023 అక్టోబరులో ఆసియా మౌంటెన్ బైక్ పోటీలు జరిగాయి. పోటీకొరకు తీర్చిన దారి సెలవుదినపు విహారానికి తగినది కానక్కరలేదు. అయితే నిపుణులు ఒక దిబ్బను తొక్కే ముందు దాని చుట్టూ కాలినడకన తిరిగి, రాయి రాయినీ పరిశీలించడం ఒక్కసారి కళ్లారా చూసిన పిల్లవాడు వంద ఉపన్యాసాలు విన్నవానితో సమానం.

బయలుదేరే ముందు

ఏ పార్కుకు పోదలచినా ముందుగా ఫోను చేసి కొన్ని సంగతులు అడగాలి. ప్రతి జంపు పక్కన తప్పుకొనిపోయే దారి ఉన్నదా? దారి మధ్యలో ఎగరక తప్పని చోటు ఏదైనా ఉన్నదా? వాన కురిసిన మరునాడు తెరుస్తారా? తెరుస్తామని గర్వంగా చెప్పే పార్కు కంటె, మట్టి ఆరేదాకా మూసి ఉంచుతామని చెప్పే పార్కు నమ్మదగినది. ప్రథమ చికిత్స తెలిసినవారు ఉంటారా, అంబులెన్సు ఎంతవరకు రాగలదు అన్నవి అడగడానికి మొహమాటపడకూడదు.

సైకిలు గురించి ఒక కఠోర సత్యం చెప్పుకోవాలి. ఏఎస్‌టీఎం అనే అంతర్జాతీయ ప్రమాణ సంస్థ సైకిళ్లను వాడుకను బట్టి ఐదు వర్గాలుగా విభజించింది. రెండవ వర్గం సైకిలు 15 సెంటీమీటర్లకు మించిన జంపులకు పనికిరాదు. మూడవది 61 సెంటీమీటర్ల వరకు, నాలుగవది 122 సెంటీమీటర్ల వరకు తట్టుకొంటుంది. ఐదవ వర్గం లోయదారుల పందేలకు, పెద్ద జంపులకు ఉద్దేశించినది. సైకిలుతో వచ్చిన పుస్తకంలోనో ఫ్రేముపై అంటించిన చీటీపైనో ఈ వివరం ఉండవచ్చు. ‘ఈ సైకిలుతో జంపులు చేయరాదు’ అన్న హెచ్చరిక చిన్న అక్షరాలలో ఉన్న సైకిళ్లు కూడా మౌంటెన్ బైక్ అన్న పేరుతోనే అమ్ముడుపోతాయి. అటువంటి సైకిలుపై పదేపదే ఎగిరితే ఫోర్కు, హ్యాండిలు మెడ, ఫ్రేము అతుకులు లోలోపల అలసి, ఏ హెచ్చరికా లేకుండా ఒకనాడు విరుగుతాయి. పార్కులో తగిన సైకిలు అద్దెకు దొరికితే పెద్దవాడికి దానినే తీసుకొనడం ఉత్తమం. ఇంటి సైకిలు తెచ్చుకొన్న తమ్ముడు దొర్లే దిబ్బలతో సరిపెట్టుకోవాలి. ఇంటిలో చిన్న తగాదా రావచ్చు, వచ్చినా పరవాలేదు.

శిరస్త్రాణం విషయంలో మామూలు సైకిలు హెల్మెట్ తలను కాపాడుతుంది గాని దవడను, పళ్లను కాపాడదు. జంపులు చేసేవారికి గడ్డాన్ని కూడా కప్పే ఫుల్‌ఫేస్ సైకిలు హెల్మెట్ అవసరం. మోటారుసైకిలు హెల్మెట్‌తో సరిపెట్టుకొనేవారు కొందరున్నారు. దాని బరువు, ఉక్కపోత వలన ఎగువదారిలో తొక్కుతూ దానిని తీసి హ్యాండిలుకు తగిలించడం, దిగువదారిలో పెట్టుకోవడం మరవడం మామూలే. గట్టి దెబ్బ ఒకటి తిన్న హెల్మెట్ పగులు కనిపించకపోయినా మళ్లీ వాడదగదు. మోకాళ్లకు, మోచేతులకు తొడుగులు, చేతులకు గ్లౌజులు అందరికీ ఉండాలి. దొర్లిపోయేవారికి అవసరం లేదనుకోవడం పొరపాటు, మొరం నేల ఎవరినీ అడిగి గీకదు.

ఆ రోజు

పార్కుకు చేరిన వెంటనే ఎగరకూడదు. మొదటి చుట్టులో అందరూ కలిసి, నడక వేగంతో, ప్రతి జంపునూ దొర్లించుకొనిపోవాలి. దిగుడు వాలు కనబడని జంపు దగ్గర సైకిలు దిగి నడిచి చూడాలి. రెండవ చుట్టు నుండి ఎవరి దారి వారిది. జంపుల వరుసలో అనుభవం ఎక్కువ ఉన్నవాడే ముందు పోవాలి. వాడు వెనుక ఉంటే, ముందున్న నెమ్మదివానిపైకి గాలిలో ఉండగా వచ్చిపడే ప్రమాదం ఉన్నది; గాలిలో ఉన్న సైకిలుకు బ్రేకు లేదు. ముందు పోయినవాడు దిగుడు వాలు దాటి, దారికి పక్కగా నిలిచి, చోటు ఖాళీ అయినదని చేతితో సైగ చేసిన తరువాతనే రెండవవాడు బయలుదేరాలి. పడినవాడు లేవలేకపోతే ఒకరు వాడి దగ్గర, మరొకరు జంపు పైన నిలిచి వెనుకవారిని ఆపాలి. ఫోను తీసి వీడియో పట్టేవాడు దిగుడు వాలుపై కూర్చొనడం ఇటీవల అంటుకొన్న చెడ్డ అలవాటు.

కొత్తవారు పడడానికి ముఖ్యకారణం ఎగిరే అంచు మీద ముందు బ్రేకు పట్టడం. భయం చివరి క్షణంలో చేతిలోనికి వస్తుంది. బరువు ముందుకు తూలి, ముందుచక్రం ముక్కు దించుతుంది. భయం వేస్తే అంచుకు పది మీటర్ల ముందే తప్పుకోవాలి, అంచు మీద కాదు. తప్పుకొన్నవానిని ఎగతాళి చేయకపోవడం బృందం పాటించవలసిన మొదటి నియమం. తండ్రి కూడా ఒకటి రెండు సార్లు బాహాటంగా తప్పుకొంటే పిల్లలకు అది తేలికవుతుంది. చాలా దెబ్బలు సాయంత్రం, ‘ఇదొక్కటే, చివరిది’ అన్న జంపులోనే తగులుతాయని ఈ ఆటలో ముదిరినవారందరూ అంటారు. అలసిన కాలు అంచు మీద శరీరాన్ని లేపలేదు. కనుక చివరి చుట్టును దొర్లే చుట్టుగా ముందే ఒప్పుకొని ఉండాలి.

తలకు దెబ్బ తగిలినవానికి స్పృహ తప్పకపోయినా, తలనొప్పి, వాంతి, మసక చూపు, అడిగినదే మళ్లీ అడగడం, మగత వంటి లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా ఆనాడు తిరిగి సైకిలెక్కనీయకూడదు. వెంటనే వైద్యునికి చూపాలి. మెడ నొప్పి అన్నవానిని కదపక, హెల్మెట్ లాగక, 108కు ఫోను చేయాలి. బీదర్ పరిసరాలలో అయితే బీదర్ వైద్య విజ్ఞాన సంస్థ బోధనాసుపత్రికి తీసుకొనిపోవచ్చు. దారిలోని మైలురాయి గాని, సమీప గ్రామం పేరు గాని ముందే గుర్తు పెట్టుకొన్నవారు అంబులెన్సుకు చోటు చెప్పడంలో తడబడరు. కన్నడం రానివారు ఊరి పేరుతో పాటు తాలూకా పేరు చెప్పితే చాలు.

ఊరిలోనే సాధన

దూరపు పార్కుకు ఏడాదికి ఒకసారే పోగలిగిన బృందానికి మిగిలిన రోజులలో అక్కరకు వచ్చేది పంప్ ట్రాక్. వరుసగా అలల వంటి మట్టి దిబ్బలు, చివర వాలు కట్టిన మలుపులు గల చిన్న చుట్టుదారి ఇది. పెడలు తొక్కకుండా, దిబ్బ ఎక్కేటప్పుడు ఒళ్లు తేలిక చేసి, దిగేటప్పుడు కాళ్లతో అదిమి, ఆ లయతోనే సైకిలును నడిపించడం ఇందులోని విద్య. ఐదేళ్ల పిల్లవాడు దొర్లే దిబ్బ మీదనే నేర్పరి రెండు దిబ్బలను కలిపి ఎగరగలడు. ఒకే దారిపై అన్ని స్థాయిలవారికీ ఇంతగా చోటు ఇచ్చే ఏర్పాటు మరొకటి లేదు. దీనికి కొండ అక్కరలేదు, కొద్దిపాటి చదునైన స్థలం చాలు.

ఖాళీ ప్లాటులో ఇటువంటిది చేసుకోదలచిన కాలనీవాసులు ముందుగా స్థల యజమాని నుండి వ్రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. స్థలం కట్టడానికో అడవికో చేరువలో లేదని నిర్ధారించుకోవాలి. ప్రభుత్వ స్థలమైతే నగర పాలనా కార్యాలయానికి కాలనీ పక్షాన అర్జీ పెట్టుకోవాలి. దిబ్బలు మోకాలి ఎత్తుకు మించనక్కరలేదు. మొరంలోని గులకలను జల్లెడ పట్టి తీసివేసి, బంకమట్టి కలిపి, పొరపొరకు నీరు చల్లి దిమ్మిసతో కొట్టాలి. వాననీరు నిలవకుండా దిబ్బల నడుమ పల్లాల నుండి బయటికి సన్నని కాలువలు తీయాలి. మొదటి వాన తరువాత మట్టి కుంగుతుంది. మళ్లీ ఒకసారి దిబ్బలు సరిచేసి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి, అప్పుడు పిల్లలను సైకిళ్లతో దింపాలి.